యానిమల్ కంట్రోల్ ఆఫీసుకి ఎంత చోటు కావాలి? ఉద్యోగుల తలలు లెక్కపెడితే ఎందుకు తేలదు?

అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వం తన శాఖల్లో దేనికైనా కొత్త ఆఫీసు కట్టించాలనుకుంటే మొదట అడిగేది "ఎంతమంది పనిచేస్తారు?" అని. మనిషికి ఇన్ని చదరపు అడుగులని గుణిస్తారు, మీటింగ్ గదులు కలుపుతారు, నడవలకీ గోడలకీ మరికొంత వేస్తారు. లెక్క తేలిపోతుంది. ఆస్తి పన్ను శాఖకో, భూమి రికార్డుల శాఖకో ఇది సరిపోతుంది. యానిమల్ కంట్రోల్ శాఖకి మాత్రం ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. ఎవరూ కూర్చోని బల్లలు మిగిలిపోతాయి, రోజూ అవసరమయ్యే గదులు ఉండవు.

ఎందుకో అర్థం కావాలంటే ఆ శాఖ ఏం చేస్తుందో ముందు చూడాలి. యానిమల్ కంట్రోల్ అనగానే మనకి మున్సిపాలిటీ కుక్కల బండి గుర్తొస్తుంది. అక్కడ బండి ఉంది కానీ పని దానితో అయిపోదు. తప్పిపోయిన పెంపుడు జంతువుల్ని తెచ్చి ఓనరు కోసం ఉంచడం, కుక్కలకి లైసెన్సులు ఇవ్వడం, ఎవరినైనా కరిచిన జంతువుని పరిశీలనలో పెట్టడం, క్రూరత్వం కేసులు దర్యాప్తు చెయ్యడం, హైవే మీదికొచ్చిన గుర్రాన్నో ఆవునో తోలుకురావడం, పెంచలేమని ఓనర్లే వదిలేసిన వాటికి కొత్త ఇల్లు వెతకడం, దత్తత కుదరని వాటి విషయంలో ఎవరూ చెయ్యాలనుకోని ఆఖరి పని చెయ్యడం. అంటే కొంత పోలీసు స్టేషను, కొంత ఆసుపత్రి, కొంత కోర్టు గుమాస్తా పని, ఇవన్నీ ఒకే కప్పు కింద.

పైగా ఈ శాఖ ఎవరి కింద ఉంటుందన్నది కౌంటీని బట్టి మారుతుంది. కొన్ని చోట్ల షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) కింద, కొన్ని చోట్ల ఆరోగ్య శాఖ కింద, కొన్ని చోట్ల సొంతంగా ఉంటుంది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో వీధుల్లోకి వెళ్ళే ఆఫీసర్లు పోలీసు శాఖ వాళ్ళు, జంతువుల్ని ఉంచే షెల్టర్ నడిపేది వేరే శాఖ. టెక్సాస్‌లో మన తెలుగువాళ్ళు బాగా స్థిరపడిన ఫ్రిస్కోలో కుక్క తప్పిపోతే దాన్ని వెతకడానికి పక్క ఊరు మెకిన్నీలో ఉన్న కాలిన్ కౌంటీ షెల్టర్‌కి వెళ్ళాల్సి వచ్చేది. ఒప్పందం మీద చాలా ఊళ్ళు ఆ కౌంటీ షెల్టర్‌నే వాడుకుంటాయి. సియాటిల్ వైపు కింగ్ కౌంటీ కూడా 2010 నుంచి ఇలా ఊళ్ళతో ఒప్పందాలు చేసుకుని సర్వీసు నడుపుతోంది. ఈ పద్ధతిలో ఖర్చు పంచుకోవచ్చు, నిజమే. కానీ రేపు ఒక పెద్ద ఊరు "మా షెల్టర్ మేమే కట్టుకుంటాం" అని బయటికి వెళ్ళిపోతే కౌంటీ బిల్డింగు సగం ఖాళీ. కొత్తగా ఒక ఊరు చేరితే చోటు చాలదు. ప్లాను గీసేవాడు చదవాల్సిన మొదటి కాగితం ఉద్యోగుల జాబితా కాదు, ఈ ఒప్పందాలు.

ముందు రోజులు లెక్కపెట్టాలి

పెళ్ళివారికి విడిది చూసేటప్పుడు ఎంతమంది వస్తారన్నది ఒక్కటే అడగం, ఎన్నాళ్ళుంటారని కూడా అడుగుతాం. షెల్టర్ లెక్క కూడా అంతే. రోజుకి సగటున వచ్చే జంతువుల సంఖ్యని, ఒక్కోటి సగటున ఉండే రోజులతో గుణిస్తే ఏ రోజైనా లోపల ఎన్ని ఉంటాయో తెలుస్తుంది.

ఊహకి 4 లక్షల జనాభా ఉన్న ఒక కౌంటీ అనుకుందాం. రోజుకి 8 కుక్కలు వస్తాయి, ఒక్కోటి 7 రోజులుంటుంది: 56 కుక్కలు. 5 పిల్లులు వస్తాయి, 8 రోజులుంటాయి: 40 పిల్లులు. మొత్తం 96. ఇప్పుడు కుక్క ఉండే కాలం 7 నుంచి 10 రోజులకి పెరిగిందనుకోండి. ఒక్క కుక్క కూడా అదనంగా రాకుండానే 56 కాస్తా 80 అవుతుంది. కొన్నేళ్ళుగా అమెరికా షెల్టర్లలో, ముఖ్యంగా పెద్ద కుక్కల విషయంలో, వస్తున్న తలనొప్పి ఇదే. 2024లో దేశం మొత్తం మీద షెల్టర్లకి వచ్చిన కుక్కలు, పిల్లులు సుమారు 58 లక్షలు. 1970లలో పరిస్థితితో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయినా కెనెల్స్ (కుక్కల్ని విడివిడిగా ఉంచే గదులు) నిండే ఉంటున్నాయి, వచ్చినవి త్వరగా వెళ్ళడం లేదు కాబట్టి.

జంతువు లోపల ఉండే రోజుల్లో కొన్నిటిని చట్టమే పెట్టింది. మనిషిని కరిచిన కుక్కనీ పిల్లినీ 10 రోజులు విడిగా ఉంచి రేబిస్ లక్షణాలు కనిపిస్తాయేమో చూడాలి. వర్జీనియాలో దొరికిన కుక్కని కనీసం 5 రోజులు ఓనరు కోసం ఉంచాలి, దాని మెడలో పట్టీయో బిళ్ళో ఉంటే ఇంకో 5 రోజులు. కాలిఫోర్నియాలో 1998లో వచ్చిన హేడెన్ చట్టం మరీ ఆసక్తికరం. తప్పిపోయిన కుక్కని 6 పనిదినాలు ఉంచాలంది. కానీ వారంలో ఒక రోజు సాయంత్రం కనీసం 7 గంటల దాకా, లేదా శని, ఆదివారాల్లో ఒక రోజు, ఓనర్లు వచ్చి తీసుకెళ్ళేలా షెల్టర్ తెరిచి ఉంటే 4 పనిదినాలు చాలంది. తర్వాత బడ్జెట్ కష్టాల్లో దీని అమలుకి రాష్ట్రం నిధులు ఆపేసింది, అది వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది ఆ చట్టం రాసినవాళ్ళ ఆలోచన. పగలంతా ఉద్యోగంలో ఉండే మనిషి సాయంత్రం 5కి మూసేసే షెల్టర్‌కి ఎలా వస్తాడు? రాడు. కుక్క లోపలే ఉంటుంది. ఆఫీసు వేళలకీ కెనెల్స్ సంఖ్యకీ ఉన్న ముడిని చట్టమే ఒప్పుకుంది.

ఈ ముడిని బిల్డింగు కమిటీలు సాధారణంగా పట్టించుకోవు. డబ్బు చాలకపోతే మొదట కత్తెర పడేది ఆఫీసు భాగానికే. "ముందు జంతువులకి చోటు చూడండి, గుమాస్తాలు ఎక్కడో అక్కడ సర్దుకుంటారు" అనడం వినడానికి దయగానే ఉంటుంది. నా ఉద్దేశంలో మాత్రం ఈ శాఖ ప్లాన్లలో జరిగే అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు అదే. కెనెల్‌ని ఖాళీ చేసేది ఆఫీసు పని.

వర్జీనియా నియమం ప్రకారమే చూడండి. మెడలో బిళ్ళ ఉన్న కుక్క వచ్చింది. లైసెన్సు గుమాస్తా బల్ల కుక్కని దింపుకునే గది పక్కనే ఉంటే బిళ్ళ మీద నంబరు చూసి అప్పుడే ఫోను చేస్తుంది. ఓనరు సాయంత్రానికి వస్తాడు. అదే బల్ల బిల్డింగుకి అటు చివర ఉండి, నంబర్ల కాగితం రోజుకొక్కసారి అటు వెళ్తుంటే ఓనరుకి ఫోను వెళ్ళేసరికి ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి. ఓనరు దొరక్కపోతే ఆ బిళ్ళ వల్లే 10 రోజులు ఒక కెనెల్ నిండి ఉంటుంది. మన ఊహా కౌంటీలో రోజుకి 8 కుక్కల్లో 3 ఇలాంటివనుకుంటే, ఒక్కోటి రెండు రోజులు ముందు వెళ్ళినా 6 కెనెల్స్ ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. ఒక కెనెల్‌కి నడవతో కలిపి 100 చదరపు అడుగులు వేసుకుంటే 600 చదరపు అడుగులు. ఆ గుమాస్తా బల్లకి పట్టేది 48.

ఇంకో మెట్టు ముందుకి వెళ్తే కుక్క బిల్డింగు దాకా రానే అక్కర్లేదు. ఫీల్డ్ ఆఫీసరు బండిలోనే చిప్ స్కానర్ ఉంటుంది. చర్మం కింద పెట్టిన మైక్రోచిప్‌లోని 15 అంకెలు చదివి, డిస్పాచ్‌లో (ఫోన్లు ఎత్తి, బండ్లతో రేడియోలో మాట్లాడే విభాగంలో) ఉన్నవాళ్ళు ఓనరు ఎవరో చెబితే కుక్కని నేరుగా ఇంటి దగ్గర దింపేయొచ్చు. దీనికి కావలసిందల్లా డిస్పాచ్‌లో ఫోను ఎత్తే మనిషి, ఆ మనిషి కూర్చునే నిశ్శబ్దమైన గది.

క్రూరత్వం కేసుల్లో ఆఫీసు పనికి ఉన్న విలువ ఇంకా ఎక్కువ. ఒక ఇంట్లో యాభై అరవై పిల్లుల్ని కుక్కి పెట్టారని తెలిసి ఒకే రోజు అన్నీ తెచ్చారనుకోండి. అవి కోర్టు దృష్టిలో సాక్ష్యం. కేసు తేలేదాకా దత్తత ఇవ్వడానికి లేదు, వదలడానికి లేదు. నెలలు పడుతుంది. చాలా రాష్ట్రాల్లో దీనికొక దారి ఉంది: జంతువుల పోషణ ఖర్చుకి ఓనరు ముందే బాండు కట్టాలని, లేదంటే హక్కు వదులుకున్నట్టేనని కోర్టుని అడగొచ్చు. ఆ కాగితాలు వేళకి వెయ్యాలి. ఫొటోలు, వెటర్నరీ రిపోర్టులు, ఆఫీసరు నివేదిక ఒక చోట చేర్చి కూర్చుని రాసే మనిషికి తలుపున్న గది ఉండాలి. ఆ గది లేక కాగితాలు రెండు నెలలు ఆలస్యమైతే అరవై పంజరాలు రెండు నెలలు ఎక్కువ నిండి ఉంటాయి. 2016 నుంచి ఎఫ్‌బీఐ తన నేర గణాంకాల్లో జంతు హింసని విడి నేరంగా లెక్కిస్తోంది, కాబట్టి ఈ కాగితాల పని పెరిగిందే కానీ తగ్గలేదు.

40 మంది, 20 బల్లలు

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. జంతువుల సంఖ్య తెలిశాకే ఎంతమంది సిబ్బంది కావాలో తేలుతుంది. అమెరికాలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక కొలత ఉంది: శుభ్రం చెయ్యడానికి 9 నిమిషాలు, తిండి పెట్టడానికి 6 నిమిషాలు, అంటే జంతువుకి రోజుకి కనీసం 15 నిమిషాలు. మన 96 జంతువులకి 1,440 నిమిషాలు, సరిగ్గా 24 గంటలు. ఒక మనిషి షిఫ్టులో నికరంగా 6 గంటలు ఈ పని చెయ్యగలిగితే రోజుకి నలుగురు కావాలి. వారానికి ఏడు రోజులూ నడవాలి కాబట్టి, సెలవులు కూడా కలుపుకుంటే ఏడుగురు. బట్టలుతకడం, గిన్నెలు కడగడం, జంతువుల్ని దింపుకోవడం చేరిస్తే తొమ్మిదిమంది.

మిగతావాళ్ళు: ఫీల్డ్ ఆఫీసర్లు 12, వాళ్ళ మీద సూపర్‌వైజర్లు ఇద్దరు, డిస్పాచ్‌లో ఐదుగురు, కౌంటర్, లైసెన్సులు కలిపి ఆరుగురు, డాక్టరు, ఇద్దరు టెక్నీషియన్లు, దత్తతలూ వాలంటీర్లూ చూసే ఇద్దరు, డైరెక్టరు. మొత్తం 40. మామూలు ఆఫీసు లెక్కలో 40 బల్లలు పడేవి. కానీ ఫీల్డ్ ఆఫీసరు రోజంతా బండిలోనే గడుపుతాడు, రిపోర్టులు కూడా చాలావరకు బండిలోని ల్యాప్‌టాప్ మీదే రాస్తాడు. ఒక వేళలో డ్యూటీలో ఉండేది నలుగురైదుగురు. వాళ్ళకి నాలుగు బల్లలు చాలు. డిస్పాచ్‌కి షిఫ్టుల మీద రెండు సీట్లు. కెనెల్ సిబ్బందికి అందరికీ కలిపి ఒక కంప్యూటరు. డాక్టరు గదిలో రెండు, సూపర్‌వైజర్లకి రెండు, దత్తతల వాళ్ళకి రెండు, కౌంటర్ వైపు నాలుగు కిటికీలు, వెనక రెండు బల్లలు, డైరెక్టరు గది ఒకటి. కూడితే 20.

మిగిలిన 20 బల్లల చోటు ఆదా అయిందని సంబరపడేలోపు ఇంకో జాబితా మొదలవుతుంది. బల్ల లేని మనిషికి లాకరు కావాలి. పార్వో వైరస్ (కుక్కల ప్రాణం తీసే అంటువ్యాధి) ఉన్న కుక్కని ఎత్తుకున్న చొక్కాతో ఎవరూ ఇంటికి పోకూడదు, కాబట్టి స్నానాల గది, యూనిఫారాలు ఇక్కడే ఉతికే చోటు, బూట్లు కడిగే తొట్టి ఉండాలి. పార్వో నేల మీద నెలల తరబడి బతుకుతుంది, బూటు అడుగున అంటుకుని భోజనాల గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి ఏ ఉద్యోగి ఇంట్లో కుక్కపిల్లకైనా చేరుతుంది. వలలు, చివర ఉచ్చు ఉన్న కర్రలు (క్యాచ్ పోల్స్), ఉచ్చుబోనులు, మత్తుమందు తుపాకీ పెట్టుకునే తాళం గది కావాలి. ప్రమాదకరమైన కుక్కలపై విచారణలు జరిపే హాలు కావాలి, మిగతా రోజుల్లో దాన్నే ట్రైనింగ్‌కి వాడుకోవచ్చు. సాక్ష్యాల గది వేరు, దాని తాళం ఎవరి దగ్గరుందో రాసే రిజిస్టరు వేరు.

మందుల గది గురించి కాస్త ఆగి చెప్పాలి. దయామరణానికి వాడే పెంటోబార్బిటాల్ అమెరికా కేంద్ర చట్టం కింద షెడ్యూల్ 2 మందు, అంటే గట్టి నిఘా ఉన్న జాబితాలోది. గట్టి నిర్మాణం ఉన్న బీరువాలో తాళం వేసి ఉంచాలి, వాడిన ప్రతి చుక్కకీ లెక్క రాసి, ఆ రికార్డులు రెండేళ్ళు దాచాలి. ఆ బీరువాని నడవలో పెట్టే ప్లాన్లు ఉంటాయి, చోటు మిగిలింది కదా అని. తాళం తియ్యడం, సిరంజిలోకి ఎక్కించడం, పుస్తకంలో రాయడం ఒకే గదిలో జరగాలి, దారిన పోయేవాళ్ళ కళ్ళబడకూడదు. ఆ గదికి ఆనుకునే దయామరణం గది, దానికి బయటివాళ్ళు రాని దారి, దాని అవతల ఫ్రీజరు. ఇంకో తలుపు చనిపోయిన జంతువుల్ని తెచ్చే బండికి. రేబిస్ అనుమానం ఉన్న జంతువు మెదడుని ప్రయోగశాలకి పంపాలి. దాన్ని గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచాలి, కాబట్టి ఫ్రీజరు కాక విడిగా ఒక ఫ్రిజ్. అది టీకాల ఫ్రిజ్ కాదు, భోజనాల ఫ్రిజ్ అంతకన్నా కాదు. ఇవన్నీ ఆఫీసు ప్లానులో "స్టోర్ రూమ్" అన్న ఒక్క మాట కింద పోతుంటాయి.

ఎవరు ఎవరికి ఎదురుపడకూడదు

కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఒకలాంటి వాళ్ళు కారు. పిల్లల్ని వెంటబెట్టుకుని కుక్కపిల్లని దత్తత తీసుకుందామని వచ్చిన కుటుంబం ఒకటి. పన్నెండేళ్ళు పెంచిన కుక్కని, అద్దె ఇల్లు మారుతున్నామనో జబ్బు చేసిందనో వదిలేయడానికి వచ్చిన ముసలాయన ఒకరు. కంచె దూకిన తన కుక్కని తీసుకోవడానికి వచ్చి, జరిమానా అంత ఎందుకని అరిచే మనిషి ఇంకొకరు. నిన్న పక్కింటి కుక్క కరిచిందని చేతికి కట్టుతో ఫిర్యాదు రాయడానికి వచ్చినవారు మరొకరు. పక్కింటాయన కూడా అప్పుడే రావచ్చు.

వీళ్ళందరికీ ఒకే తలుపు, ఒకే వరస పెడితే దత్తతకి వచ్చిన కుటుంబం వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. అంటే ఇంకో కెనెల్ ఖాళీ కాలేదు. కాబట్టి కనీసం రెండు తలుపులు ఉండాలి: దత్తతలకి ఒకటి, అప్పగింతలకీ ఫిర్యాదులకీ ఇంకొకటి. అప్పగించే మనిషితో మాట్లాడడానికి ఒక చిన్న గది. ఆ మాటల్లోనే "మందుల ఖర్చుకి సాయం దొరికితే ఉంచుకుంటారా?" అని అడగడం కుదురుతుంది. నలుగురి ముందు కౌంటర్ దగ్గర ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. గొడవపడే అవకాశం ఉన్నవాళ్ళతో మాట్లాడే గదికి మాత్రం రెండు తలుపులు పెట్టాలి, ఉద్యోగి వెనక తలుపు గుండా బయటికి రాగలగాలి.

కౌంటర్‌లో కొంత భాగం 36 అంగుళాల ఎత్తు మించకూడదు, వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళ కోసం. ఇది అమెరికా వికలాంగుల హక్కుల చట్టం నియమం. చక్రాల కుర్చీ తిరగడానికి 60 అంగుళాల గుండ్రటి చోటు కావాలన్నది కూడా దాని నుంచి వచ్చిందే. ఆ కొలతలు కాగితం మీద సరిపోయినా, తాడు పట్టుకున్న రెండు కుక్కలు ఎదురెదురుగా వస్తే ఆ నడవ చాలుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. వెయిటింగ్ హాల్లో పిల్లి బుట్టలు పెట్టుకోవడానికి నేల కాకుండా ఎత్తుగా అరుగులు ఉంటే సగం గోల తగ్గుతుంది.

ఫీల్డ్ బండ్లకి జనం తిరగని వైపు నుంచి దారి ఉండాలి. బండి లోపలికి వచ్చాక షట్టరు దించేసే సాలీ పోర్ట్ అన్నది జైళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. తలుపు తీయగానే కుక్క దూకి పారిపోయినా ఆ గది దాటి పోలేదు. పక్కనే చిప్ చూసే, టీకా వేసే, ఫొటో తీసే చోటు. నేను ఇందాక చెప్పిన లైసెన్సు బల్ల ఉండాల్సింది ఇక్కడ. అక్కడి నుంచి ఆరోగ్యంగా ఉన్నవి ఒక వైపు, దగ్గుతున్నవి ఇంకో వైపు, కరిచినవి మూడో వైపు వెళ్ళాలి. పశువుల ట్రైలర్ వెనక్కి తిప్పుకునేంత ఆవరణ కూడా కావాలి. పట్టణం నడిబొడ్డున స్థలం చూసేవాళ్ళు మర్చిపోయేది ఇదే. అలాగని చెత్త డంపింగ్ యార్డు పక్కన చవకగా స్థలం ఉంది కదా అని ఊరికి దూరంగా కడితే, ఆపైన ఓనర్లూ రారు, దత్తతకీ ఎవరూ రారు.

గాలీ చప్పుడూ ఈ బిల్డింగులో ఖర్చు పెంచే రెండు విషయాలు. కెనెల్‌లో కుక్కలన్నీ ఒకేసారి మొరిగితే 100 డెసిబెల్స్ దాటుతుంది. పని చేసే చోట ఎనిమిది గంటల సగటు 85 దాటితే ఉద్యోగుల వినికిడి కాపాడే చర్యలు తీసుకోవాలని అమెరికా నియమం. ఈ చప్పుడు మధ్య డిస్పాచ్ ఉంటే రేడియోలో అవతలి ఆఫీసరు "తుపాకీ" అన్నాడో ఏమన్నాడో వినపడదు. కెనెల్‌కీ ఆఫీసుకీ మధ్య ఒక్క తలుపు చాలదు, రెండు తలుపుల మధ్య చిన్న గది ఉండాలి, లేదా మధ్యలో స్టోర్లూ లాండ్రీ గదీ అడ్డంగా పెట్టాలి. గాలి విషయానికొస్తే, జంతువుల గదుల్లో గంటకి 10 నుంచి 20 సార్లు తాజా గాలి మారాలన్నది పాతకాలం నుంచి ఉన్న సిఫారసు. జబ్బు జంతువుల గది గాలి తిరిగి బిల్డింగులోకి రాకుండా నేరుగా బయటికే పోవాలి. కెనెల్ గాలి ఆఫీసులోకి రాకూడదంటే రెండిటికీ వేరువేరు ఏసీ యంత్రాలు. పాత గోడౌనుకో, ఖాళీ అయిన సూపర్ మార్కెట్‌కో రంగులేసి యానిమల్ కంట్రోల్ పెట్టేద్దామనే ఆలోచన సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. గోడలు చవకగా దొరుకుతాయి, గాలి గొట్టాలూ నేల కింద మురుగు కాలవలూ దొరకవు.

సగటు లెక్క ఒక్కటే చాలదన్న సంగతి కూడా చెప్పాలి. వసంతం నుంచి వేసవి దాకా పిల్లిపిల్లల సీజన్. జూలై 4న స్వాతంత్ర్య దినం బాణసంచాకి బెదిరి పారిపోయిన కుక్కలతో మర్నాడు షెల్టర్లు కిటకిటలాడతాయి. కత్రినా తుపానులో జనం తమ కుక్కల్ని వదిలి రామని ఇళ్ళలోనే ఉండిపోయాక, 2006లో వచ్చిన చట్టం విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల్నీ లెక్కలోకి తీసుకోవాలంది. అందుకని విచారణ హాలు నేలకి కార్పెట్ వెయ్యకుండా, కడిగే వీలుండేలా కడితే అవసరమైన రోజున మడత పంజరాలు అక్కడే పరిచేయొచ్చు. దీనికి అదనంగా ఒక్క చదరపు అడుగు కూడా పట్టదు.

ఇదే లెక్క మన ఊళ్ళో వేస్తే

మన దేశంలో ఇప్పటిదాకా ఈ ప్రశ్న ఇంత గట్టిగా రాలేదు, ఎందుకంటే మన పద్ధతి వేరు. 2001లోనూ తర్వాత 2023లోనూ వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కని పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదిలేయాలి. హైదరాబాద్‌లో ఫతుల్లాగూడ, చుడీబజార్ లాంటి చోట్ల జీహెచ్ఎంసీ పెట్టిన కేంద్రాలు ఈ పద్ధతికి కట్టినవి. కుక్క కొద్ది రోజులే ఉంటుంది, మళ్ళీ వీధికి వెళ్తుంది. ఉండే రోజులు తక్కువ కాబట్టి తక్కువ పంజరాలతో ఏడాదికి ఎక్కువ కుక్కలకి పని జరుగుతుంది.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి తీసిన కుక్కల్ని మళ్ళీ అక్కడే వదలకూడదు, షెల్టర్‌లో ఉంచాలి అంది. ఆదేశం మంచిచెడ్డలు పక్కన పెట్టి పాత గుణకారమే వేసి చూడండి. ఒక మున్సిపాలిటీ రోజుకి 5 కుక్కల్ని ఇలా తెస్తోందనుకుందాం. ఆపరేషన్ తర్వాత వారంలో వదిలేస్తే ఎప్పుడూ 35 పంజరాలు చాలు. వదలకూడదంటే నెలకి 150, ఏడాదికి 1,825. దత్తతలు గానీ చావులు గానీ వాటిని తగ్గించేదాకా పెరుగుతూనే ఉంటాయి. జంతువుకి 15 నిమిషాల కొలతతో చూస్తే 1,825 కుక్కలకి రోజుకి 456 గంటల పని, 6 గంటల లెక్కన రోజూ 76 మంది. పంజరాలకి టెండరు పిలవడం తేలిక, ఈ 76 మంది జీతాల పద్దు ఏ ప్లానులోనూ కనబడదు.

అమెరికా డిజైన్‌ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే కూడా పనికిరాదు. మన వీధి కుక్కకి ఫోను చెయ్యడానికి ఓనరు లేడు, లైసెన్సు బిళ్ళ లేదు. కానీ ఆఫీసు పని కెనెల్‌ని ఖాళీ చేస్తుందన్నది ఇక్కడా నిజం. ఇక్కడ ఆ పని పేరు పట్టిన చోటు రాసుకోవడం. ఏ వీధిలో, ఏ స్తంభం దగ్గర పట్టారో బండి ఆగినప్పుడే రాసి, కుక్క మెడకి నంబరు వెయ్యాలి. సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే నాచారం కుక్క నాగోలులో తేలుతుంది. తెలియని చోట పడ్డ కుక్క అక్కడి గుంపుతో కొట్లాడుతుంది, ఆ వీధి వాళ్ళు ఫిర్యాదు చేస్తారు, అదే కుక్క మళ్ళీ బండెక్కుతుంది. స్కూలు ఆవరణలో దొరికిందా, దాని బయట రోడ్డు మీద దొరికిందా అన్నది కూడా ఇప్పుడు ముఖ్యమే, వదలొచ్చా లేదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఆ రిజిస్టరు రాసే మనిషి బల్ల మొదటి అంతస్తులో డాక్టరు గది పక్కన కాకుండా, బండి వచ్చి ఆగే చోట, కప్పు కింద, దీపం వెలుగులో ఉండాలి. పక్కనే ఫోనూ, వార్డుల మ్యాపూ ఉండాలి.